ఏరు అడిగిన పిల్లకు నీళ్లియ్యని బడి



మా అక్క బిడ్డకు మూడున్నరేండ్లు. పోయిన జూన్‌ల అంగన్‌వాడీకి పోవుడు మొదలుపెట్టింది. నాలుగో రోజు మధ్యాహ్నం దూప అయ్యి టీచరమ్మ దగ్గరికి పోయి "ఏరు" అన్నది. మన కోయల ఏరు అంటే నీళ్లు. ఆ టీచరమ్మది పక్క మండలం, కోయ రాదు. తెలుగుల ఏరు అంటే వాగు. పిల్ల వాగు దిక్కు పోతనంటున్నదని ఆమె భయపడ్డది. "ఏరు లేదు, గీరు లేదు, కూసో" అని గట్టిగ అన్నది. పిల్ల ఇంకోసారి అడిగింది. ఇంకింత గట్టిగ అన్నది. పిల్ల నోరు మూసుకొని మూలకు కూసున్నది. ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగింది.

ఆ టీచరమ్మ చెడ్డది కాదు. పిల్ల వాగుల పడతదేమోనని భయపడ్డ మనిషి చెడ్డదెట్లయితది? కానీ ఆ రోజు నుంచి మా పిల్ల ఆ సెంటర్‌ల నోరు తెరవలేదు. ఇంట్ల కోడిపిల్లలతోటి, మేకలతోటి, వాళ్ల తాతతోటి పొద్దుందాక ముచ్చట పెట్టే పిల్ల, అక్కడ మాత్రం "ఈ పిల్లకు మాటలు రావు" అనిపించుకున్నది.

ఇప్పుడు మా అక్క ఏమంటదంటే, "ఎట్లైనా మనది కాని భాషే నేర్సుకోవాలె గదా. ఆ నేర్సుకునేదేదో ఇంగ్లీషే నేర్సుకోనీ. బస్సు గూడెం దాకా వస్తున్నది, అండ్ల ఎక్కిస్త." ఫీజు కోసం మిర్చి ఏరే కూలికి ఇంకో నెల ఎక్కువ పోతనంటున్నది. ఆమెకు ఏం చెప్పాలె? వారం రోజులు ఆలోచించిన. ఈ రాత ఆ ఆలోచనే.

ఇది మా ఒక్క గూడెం ముచ్చట కాదు. పాలకుర్తి దగ్గరి తండాల నాకొక దోస్తు ఉన్నడు, డిగ్రీల నాతోటి చదివిండు. వాడు చెప్పింది వింటే నవ్వాలో ఏడ్వాలో తెల్వదు. తండా పిల్ల బడిల మొదటి రోజు "యాడీ, యాడీ" అని ఏడుస్తున్నదట. గోర్‌బోలిల యాడి అంటే అమ్మ. కొత్తగ వచ్చిన మనిషి "యాడికి? యాడికి పోవాలె బిడ్డా?" అని అడుగుతనే ఉన్నదట. ఒకరు అమ్మ కోసం ఏడుస్తున్నరు, ఇంకొకరు తొవ్వ అడుగుతున్నరు. ఇద్దరి నడుమ బల్ల మీద రంగురంగుల బొమ్మల పుస్తకం ఉన్నది. అండ్ల యాపిల్ పండు ఉన్నది, మంచు మనిషి ఉన్నడు. ఇప్పపువ్వు లేదు, తండా లేదు, గూడెం లేదు.

ఈ పద్ధతికే "శిశు కేంద్రిత పూర్వ ప్రాథమిక విద్య" అని పేరు పెట్టిండ్రు. పిల్లను నడుమ పెట్టి చెప్పే చదువు అని అర్థం. నేను అడిగేది ఒక్కటే. నడుమ కూసున్న ఆ పిల్ల ఎవరు? మన పిల్లనా, లేకుంటే పట్నంల ఎక్కడనో ఉన్న పిల్లనా?

కాగితం మీద అన్నీ ఉన్నయి

సర్కారుకు ఈ సంగతి తెల్వదనుకోకుండ్రి. కాగితం మీద మనకంటె బాగ రాసుకున్నరు.

రాజ్యాంగంల 350-ఎ అధికరణం ఉన్నది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశల మాతృభాషల చదువు చెప్పే వసతి కల్పించాలని 1956ల ఏడో సవరణతోటి చేర్చిండ్రు. 45వ అధికరణాన్ని 2002ల మార్చి, ఆరేండ్లు నిండేదాక పిల్లలందరికి సంరక్షణ, చదువు అందించే ప్రయత్నం రాజ్యం చెయ్యాలన్నరు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ల బోధనా భాష వీలైనంత వరకు పిల్ల మాతృభాషనే ఉండాలని ఉన్నది. 2020 జాతీయ విద్యా విధానం మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాక ఒకే పునాది దశ అన్నది. 2022ల ఆ దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడ వచ్చింది. ఆట, పాట, కథ, ఇంటి భాష, ఊరి వస్తువులు, పండుగలు, అవ్వతాతల ముచ్చట్లు అన్నీ అండ్ల ఉన్నయి.

అన్నీ ఉన్నయి, మా గూడెం సెంటర్ల మాత్రం లేవు. మాతృభాష అనే మాట హైదరాబాద్‌ల అచ్చేటప్పుడు తెలుగు అని అర్థం చేసుకుంటరు. "తెలంగాణల పిల్లల మాతృభాష తెలుగు, తెలుగుల చెప్తున్నం గదా, ఇంకేం కావాలె" అంటరు. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల కోయ పిల్లకు, పాలకుర్తి, కొడకండ్ల, దేవరుప్పుల, తొర్రూరు, పెద్దవంగర మండలాల తండా పిల్లకు తెలుగు రెండో భాష. బడి గడప దాటినంకనే అది వాళ్లకు మొదలైతది. మూడేండ్ల పిల్లకు మొదటి రోజే పరాయి భాషల "చేతులు కట్టుకో, నోటి మీద వేలు పెట్టు" అని చెప్తే, ఆ పిల్ల నేర్సుకునే మొదటి పాఠం ఏంది? నా ఇంటి మాట ఇక్కడ చెల్లదు అనే పాఠం.

ఇంగ్లీష్ రాకుంటే మళ్ల నేర్సుకోవచ్చు, లెక్కలు రాకుంటే ట్యూషన్ పెట్టుకోవచ్చు. మూడేండ్లకు పడ్డ సిగ్గును ఏ ట్యూషన్ తీసెయ్యదు. మనల ఎంతమందిమి హాస్టల్ల, కాలేజీల సీనియర్ల ముందు మన భాష రానట్టు నటించినం? నేను నటించిన. ఫోన్ల మా యాయ కోయల మాట్లాడితే తెలుగుల జవాబు చెప్పిన. ఆ సిగ్గుకు విత్తనం ఎక్కడ పడ్డదో ఇప్పుడు నా అక్క బిడ్డను చూస్తే అర్థమైతున్నది.

అంగన్‌వాడీ పుట్టింది మన వాకిట్లనే

ఒక సంగతి మనోళ్లల చాలామందికి తెల్వదు. అంగన్‌వాడీ అనే ఆలోచనకు వేర్లు ఉన్నది ఆదివాసీ వాకిట్లనే.

మహారాష్ట్రల తారాబాయి మోడక్ అనే ఒక గొప్ప టీచర్ ఉండె. భావనగర్‌ల గిజుభాయి బధేకాతోటి కలిసి చిన్నపిల్లల బడులు నడిపింది. ఆ బడులు పట్నం పిల్లలకే అందుతున్నయని ఆమెకు అర్థమైంది. 1945ల బోర్డీకి, తర్వాత 1957ల కోస్బాడ్‌కు పోయింది. అది వార్లీ ఆదివాసీల ప్రాంతం. ఆమె వెంట అనుతాయి వాఘ్ పని చేసింది. అక్కడ బడి పెడితే పిల్లలు రాలే. ఎందుకు రాలేదని చూస్తే, తమ్ముళ్లను చెల్లెళ్లను ఎత్తుకునేది ఆ పిల్లలే, పశువులను మేపేది ఆ పిల్లలే. మీ పిల్లలు వెనుకబడ్డరు అని ఆమె అనలే. బడినే తీస్కపోయి వాళ్ల ఇంటి ముందల, అంగణంల పెట్టింది. పశువులు మేసే కాడ పచ్చిక మీద కూడ బడి నడిపిండ్రు. మాంటిస్సోరి పద్ధతిల ఖరీదైన సామాన్లు కావాలె. వాటి బదులు గవ్వలు, రాళ్లు, ఆకులు, గింజలు పెట్టిండ్రు.

అంటే పిల్ల దగ్గరికి బడి పోవుడు, ఇంటి వస్తువుతోటి చదువు మొదలుపెట్టుడు అనే ఆలోచన ఆదివాసీ పిల్లలను చూసి నేర్సుకున్నదే. 1975 అక్టోబర్ 2న కేంద్రం ఐసీడీఎస్ పెట్టినప్పుడు ఆ అంగణం పేరే తీసుకున్నది. పేరు తీసుకొని అసలు సంగతి మర్చిపోయింది. ఐసీడీఎస్ ఆరు సేవలల పూర్వ ప్రాథమిక విద్య ఒకటి. మా దిక్కు జనం సెంటర్‌ను ఏమంటరో తెలుసా? "గుడ్ల సెంటర్." గుడ్డు, బాలామృతం, పప్పు వస్తయి, ఆ తర్వాత తాళం పడతది. గుడ్డు ముఖ్యం కాదని నేను అంటలేను. రక్తం తక్కువున్న తల్లులు, బరువు తక్కువున్న పిల్లలు మన గూడేలల ఎంతమంది ఉన్నరో మనకు తెలుసు. కడుపుకు పెట్టుకుంటనే పిల్ల మాటను కూడ బతికించొచ్చు. రెండిట్ల ఒకటే అడగమని మనకు ఎవరు చెప్పిండ్రు?

మన తెలంగాణ గడ్డ మీదనే ఇంకో ముచ్చట ఉన్నది. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీం అమరుడైనంక, నిజాం సర్కారు ఆదిలాబాద్ గోండుల గురించి తెలుసుకునేందుకు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. 1943ల మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండీల వాచకాలు రాసిండ్రు. గోండు యువకులనే టీచర్లుగ తయారు చేసి గోండు గూడేలకు పంపిండ్రు. కరెంటు లేదు, రోడ్డు లేదు, రాజరికం. అప్పుడు సాధ్యమైన పని, చేతిల స్మార్ట్‌ఫోన్ ఉన్న ఈ ప్రజాస్వామ్యంల ఎందుకు సాధ్యం కాదు?

సర్కారు ఇంకొక ప్రయత్నం కూడ చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల 2004ల ఎనిమిది భాషలల మాతృభాషా విద్య మొదలుపెట్టిండ్రు. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలనే పుస్తకాలు అచ్చేసిండ్రు. అది ఒకటో తరగతి నుంచి మొదలైంది, అంగన్‌వాడీ దాక రాలే. టీచర్ బదిలీ అయితే భాష కూడ బదిలీ అయ్యింది. ఆ పుస్తకాలు ఇప్పుడు మా మండలంల బీరువాలల కూడ కనపడవు. దాన్ని చూపెట్టి "మాతృభాష చదువు పెట్టి చూసినం, నడవలేదు" అంటరు. విత్తనం బండ మీద ఏసి, నీళ్లు పొయ్యక, మొలకెత్తలేదని విత్తనాన్ని తిట్టినట్టున్నది.

పాలకుర్తి గడ్డ మీద ఈ మాట అనొద్దు

పాలకుర్తి దిక్కు పెద్దమనుషులు కొందరు "గోర్‌బోలికి లిపి లేదు, కోయకు సాహిత్యం లేదు, అదేం భాష" అంటరు. వాళ్లకు పాలకుర్తిల నిలబడే జవాబు చెప్పొచ్చు.

పాల్కురికి సోమనాథుడు ఆ ఊరి పేరు మోసిన కవి. సంస్కృతం వచ్చినోడే పండితుడు అనే కాలంల ఆయన జాను తెనుగు కావాలన్నడు. జనం పాడుకునే ద్విపదల కావ్యాలు రాసిండు. అప్పటి పండితుల లెక్కల ద్విపద చిన్నది, దేశి మాట చిన్నది. ఇప్పుడు ఆయన పేరు మీద గర్వపడేటోళ్లు, అదే ఊరి చుట్టున్న తండాల పిల్ల మాట చిన్నది అంటే ఎట్ల? సంస్కృతం ముందు తెలుగు ఎట్ల నిలబడ్డదో, తెలుగు ముందు మన భాషలు అట్లనే నిలబడుతయి. ఆ రోజు సోమన చేసిన పని న్యాయమైతే, ఈ రోజు తండా అడిగేది కూడ న్యాయమే.

అదే పాలకుర్తిల చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలబడి తన పంటను కాపాడుకున్నది. దేవరుప్పుల దిక్కు ధర్మాపురం తండాల జాటోతు ఠాను నాయక్ భూమి కోసం పానం ఇచ్చిండు. ఆ పోరాటం నడిచిన తండాలల పుట్టిన పిల్ల ఈ రోజు "మే ఐ గో టు టాయ్‌లెట్" అని పలకలేక లాగుల పోసుకుంటున్నది. నవ్వకుండ్రి. పసిపిల్లకు అది చిన్న అవమానం కాదు.

లిపి సంగతి కూడ చెప్త. మూడేండ్ల పిల్లకు లిపితోటి పనేంది? ఆ వయసుల చదువు అంటే రాసుడు కాదు. ఇనుడు, మాట్లాడుడు, పాడుడు, ఆడుడు, లెక్కబెట్టుడు. నోటి భాషే ఆ వయసుకు అసలు భాష. నోటితోటి బతికిన మన భాషలకు పూర్వ ప్రాథమిక బడి కంటె సరైన జాగ ఇంకోటి లేదు. లిపి కావాలంటే గుంజాల గోండి లిపి 2018ల యూనికోడ్‌లకు కూడ వచ్చింది. తెలుగు లిపిల రాసినా తప్పు లేదు.

మన సంస్కృతిని వేషం చేసిండ్రు

ఇంకో మోసం ఉన్నది. దీన్ని చెప్తే కొందరికి కోపం వస్తది.

ఆగస్టు 9 వచ్చిందంటే పిల్లలకు నెమలి ఈకలు కట్టి, మొఖానికి రంగు పూసి, చేతిల బాణం పెట్టి ఫోటో తీస్తరు. "స్థానిక సంస్కృతిని ప్రోత్సహించినం" అని రిపోర్టు పెడతరు. ఆగస్టు 10 నాడు అదే పిల్ల కోయల మాట్లాడితే "తెలుగుల చెప్పు" అంటరు. మిగిలిన 364 రోజులు లేని సంస్కృతి ఆ ఒక్క రోజు ఎక్కడి నుంచి వచ్చింది? అది వేషం.

మన విలువ అంటే ఏందో గూడెంల పసిపిల్లను చూస్తే తెలుస్తది. విజ్జ పండుం చెయ్యకుండ మనోళ్లు విత్తనం ఎయ్యరు. కొత్తల పండుగ కాకుండ కొత్త పంట నోట్ల పెట్టరు. మూడేండ్ల పిల్లకు కూడ ఈ సంగతి తెలుసు. కళ్ల ముందల కాయ ఉన్నా ఆగుతది. ఎందుకు ఆగాలె? కాయ పండి విత్తనం కావాలె, పిట్టకు మిగలాలె, ఊరంతా కలిసి తినాలె. దీన్నే పట్నంల "స్వీయ నియంత్రణ, పర్యావరణ స్పృహ, పంచుకునే గుణం" అని పెద్ద పెద్ద మాటలతోటి రాసి శిక్షణ ఇస్తరు. మన పిల్ల ఆ గుణంతోటే బడికి వస్తది. బడి దాన్ని చూడలేదు.

ఇప్పపూల కాలంల పిల్లలు తెల్లారక ముందే తల్లెంట పోతరు. తడి పువ్వు ఏది, ఎండిన పువ్వు ఏది, పుల్లలు తీసేసి గంపల ఎట్ల పొయ్యాలె అన్నీ తెలుసు. అది వర్గీకరణ. తునికాకు కట్టకు 50 ఆకులు. తల్లి పక్కన కూసున్న పిల్ల ఆకు మీద ఆకు పెట్టుకుంట లెక్క వింటది. అది గణితం. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును మేడారం దాక కాలినడకన తీస్కపోతరు. ఏ వాగు దాటినంక ఏ ఊరు వస్తదో తాత చెప్తే పిల్ల యాద్‌కు పెట్టుకుంటది. అది భూగోళం. తండాల తీజ్ పండుగకు బుట్టలల గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. విత్తనం ఎట్ల మొలుస్తదో చూపెట్టే పాఠం ఇంతకంటె ఏమున్నది? సర్కారు సెంటర్ల ప్లాస్టిక్ కప్పుల పెసలు నానబెట్టి "ప్రయోగం" అని ఫోటో అప్‌లోడ్ చేపిస్తది.

అట్లని మనది అంతా బంగారమే అని నేను అంటలేను. మన గూడేలల చిన్న వయసు పెండ్లిళ్లు ఉన్నయి, చిల్లంగి పేరు మీద మనిషిని అనుమానించుడు ఉన్నది, సారా ఉన్నది, ఆడోళ్ల మాట చెల్లని పంచాయతీలు ఉన్నయి. వీటిని పిల్లలకు విలువలని చెప్పొద్దు. ఏది ఉంచుకోవాలె, ఏది ఇడిసిపెట్టాలె అనేది మనం, మన ఆడోళ్లు, మన పిల్లలు కూసోని తేల్చుకోవాలె. బయటోడు వచ్చి మొత్తం ఊడ్చేసి శ్లోకాలు నేర్పుత అంటే ఒప్పుకోము. మనోడే వచ్చి మొత్తం గొప్పదే, ప్రశ్నించొద్దు అన్నా ఒప్పుకోము.

"ఇంగ్లీష్ రాకుంటే ఉద్యోగం ఎట్ల?"

మా అక్క అడిగేది ఇదే. మీ ఇంట్ల కూడ ఇదే అడుగుతరు. దీన్ని తీసేసి మాట్లాడితే మనం అబద్ధం ఆడినట్టు.

ఇంగ్లీష్ కావాలె. నాకు ఇంగ్లీష్ రాక ఇంటర్వ్యూల కాడ ఎంత గోస అయ్యిందో నాకు తెలుసు. మన పిల్లలు కలెక్టర్లు, డాక్టర్లు, లాయర్లు కావాలె. ఇంగ్లీష్ వద్దు అనే హక్కు ఇంగ్లీష్ చదివిన పెద్దోళ్లకు లేదు, నాకూ లేదు. కానీ అడగాల్సిన ప్రశ్న ఇంగ్లీష్ కావాల్నా వద్దా అనేది కాదు. మూడేండ్లకా, ఆరేడేండ్లకా? పిల్ల నోరు మూసి నేర్పాల్నా, నోరు తెరిచినంక నేర్పాల్నా?

బస్సుల పోయే పిల్ల పొద్దున ఎనిమిదింటికి పోయి సాయంత్రం నాలుగున్నరకు వస్తది. సగం తొవ్వ నిద్రపోతది. ఏ ఫర్ యాపిల్ నుంచి జెడ్ దాక అప్పజెప్తది. అమ్మ మురిసిపోతది. ఇప్పుడు ఆ పిల్లను పట్టుకొని "మీ పెరట్ల ఏమున్నయి, ఇంగ్లీష్‌ల చెప్పు" అని అడగుండ్రి. చెప్పలేదు. కోయల కూడ చెప్పలేదు, ఎందుకంటే పెరట్ల ఉండే టైం దానికి లేదు. రెండు భాషలూ సగం సగం. ఇంటి భాషల ఆలోచన గట్టిపడ్డ పిల్ల రెండో భాషను దాని మీద నిలబెట్టుకుంటది. పునాది తవ్వకుండ స్లాబ్ పోసేటోడిని ఊళ్లె మేస్త్రి అనరు.

న్యూజిలాండ్‌ల మావోరీల సంగతి తెలుసుకోండ్రి. వాళ్లు కూడ మన లెక్కనే భూమి పోగొట్టుకున్నోళ్లు, బడిల సొంత భాష మాట్లాడితే దెబ్బలు తిన్నోళ్లు. వాళ్ల పిల్లలకు మావోరీ రాకుండ పోతున్నదని చూసి 1982ల "కొహంగా రియో" మొదలుపెట్టిండ్రు. దాని అర్థం భాషా గూడు. పిట్ట గూడు లెక్క. పసిపిల్లల నడుమ అవ్వలను, తాతలను కూసోబెట్టిండ్రు. అక్కడ వినపడేది మావోరీ ఒక్కటే. సర్కారు ఇస్తదని ఆగకుండ కుటుంబాలే నడిపినయి. 1987ల మావోరీ అధికార భాష అయ్యింది. 1996ల ఆ దేశం మొత్తానికి తయారైన పసిపిల్లల పాఠ్యప్రణాళికకు "టె ఫారికి" అని మావోరీ పేరు పెట్టిండ్రు. అల్లిన చాప అని అర్థం. తెల్లోళ్ల పిల్లలు కూడ ఆ చాప మీదనే చదువుతున్నరు. ఇంగ్లీష్ రాజ్యమేలే దేశంల పుట్టి, ఇంగ్లీష్ మాట్లాడుకుంటనే మావోరీలు తమ భాషను నిలబెట్టుకున్నరు.

మన దగ్గర ములుగుల సమ్మక్క సారక్క పేరు మీద కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. మంచిదే. కానీ పీహెచ్‌డీ చేసేటోడికి కోయ భాష మీద పరిశోధన ఉండి, అదే జిల్లాల మూడేండ్ల పిల్లకు కోయల నీళ్లు అడిగే జాగ లేకుంటే, ఇంకొన్నేండ్లకు ఆ పరిశోధన దేని మీద చేస్తరు? పాత రికార్డింగుల మీదనా?

టీచరమ్మ మన శత్రువు కాదు

కోపం ఎవరి మీద తియ్యాలె అనేది కూడ తెలుసుకోవాలె. అంగన్‌వాడీ టీచర్ పొద్దున లేస్తే పోషణ్ ట్రాకర్ యాప్, బరువులు, ఎత్తులు, రిజిస్టర్లు, సర్వేలు, ఓటర్ల లిస్టు, పోలియో చుక్కలు. వీటన్నిటి నడుమ ఇరవై మంది పిల్లలు. 2023ల వాళ్లు వారాల తరబడి సమ్మె చేసిండ్రు. సుప్రీంకోర్టు 2022ల గ్రాట్యుటీకి వాళ్లు అర్హులని చెప్పినా, దాని కోసం కూడ రోడ్డు ఎక్కాల్సి వచ్చింది. చదువు చెప్పే టైం ఆమెకు ఇయ్యకుండ, చదువు చెప్పలేదని ఆమెనే తిట్టుడు అన్యాయం. వాళ్ల పోరాటంల మనం నిలబడాలె. అప్పుడే మన పిల్లల కోసం వాళ్లు మనతోటి నిలబడుతరు.

కానీ గూడెంల టీచర్, ఆయా పోస్టులకు గూడెం భాష వచ్చిన మనిషే ఉండాలె. ఇది రాజీ లేని మాట. షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మనం దాన్ని ఉద్యోగాల లెక్కనే చూసినం, ఉద్యోగాల కోసమే కొట్లాడినం. అది పిల్ల భాష లెక్క కూడ. మన భాష వచ్చిన టీచర్ ఉండుడు టీచర్‌కు కాదు, ముందు పిల్లకు హక్కు. ఈ మాటను గట్టిగ ముందుకు తేలేదు, అది మన తప్పు.

ఇంకో మాట. ఇది రాస్తే కామెంట్లల కొందరు నన్ను తిడతరు. "కోయోడివి, లంబాడీల తండాల గురించి నీకెందుకు" అంటరు. జాబితా పంచాయతి ఉన్నది. దాని మీద నా అభిప్రాయం నాకున్నది, దాన్ని దాచుకోలేదు. అది పెద్దోళ్లు తేల్చుకోవాల్సిన పంచాయతి. యాడి కోసం ఏడ్చే పిల్లకూ, ఏరు అడిగే పిల్లకూ ఆ పంచాయతి తెల్వదు. ఇద్దరి దూపా ఒక్కటే. పసిపిల్లల కాడ కూడ కలవలేకుంటే మనం ఇంకెక్కడ కలుస్తం?

మనం అడగాల్సినవి, మనం చెయ్యాల్సినవి

ఏటూరునాగారం ఐటీడీఏను, జిల్లా సంక్షేమ అధికారులను అడగాల్సినవి ఇవి.

ఒకటి, గూడెం సెంటర్ల కోయ, తండా సెంటర్ల గోర్‌బోలి మాట్లాడే టీచర్ గానీ ఆయా గానీ తప్పనిసరి. ఖాళీలు నింపేటప్పుడు భాష వస్తదా రాదా అని చూడాలె. ఇప్పుడున్న టీచర్లను తీసెయ్యొద్దు, వాళ్లకు మన భాష నేర్పాలె. నేర్పేందుకు మనం తయార్.

రెండు, వారానికి రెండు రోజులు ఊరి అవ్వనో తాతనో సెంటర్‌కు పిలిచి కథ చెప్పించాలె, పాట పాడించాలె. ఊరికే కాదు, గౌరవ వేతనం ఇయ్యాలె. చదువు చెప్పే మనిషికి కూలి ఇయ్యకుంటే అది గౌరవం కాదు.

మూడు, మొదటి ఏడు పూర్తిగ ఇంటి భాష. రెండో ఏడు ఇంటి భాషతోటి తెలుగు పాటలు, ముచ్చట్లు. మూడో ఏడు రెండూ, దాంతోటి ఆటల ఇంగ్లీష్ మాటలు. సర్కారు బడులల ప్రీ ప్రైమరీ క్లాసులు పెట్టినా ఇదే పద్ధతి ఉండాలె. లేకుంటే అది సర్కారు ఖర్చుతోటి నడిచే ఇంకో పసుపు బస్సు.

నాలుగు, బొమ్మల పుస్తకాలల మన ఊరు, మన చెట్టు, మన పశువు, మన పండుగ ఉండాలె.

ఇవి అడిగేందుకు మనకు చట్టం ఉన్నది. 1996 పెసా చట్టం 4(ఎం) సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అజమాయిషీ అధికారం గ్రామసభకు, పంచాయతీలకు ఉండాలంటున్నది. అంగన్‌వాడీ సామాజిక రంగం కాదా? కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం దిక్కు తమ్ముళ్లూ, వచ్చే గ్రామసభల తీర్మానం పెట్టుండ్రి. పాలకుర్తి దిక్కు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, పెసా వర్తించదు. కానీ 2018 చట్టంతోటి తండాలు గ్రామ పంచాయతీలు అయినయి. పంచాయతీ తీర్మానం పెట్టుండ్రి, 350-ఎ అధికరణం పేరు రాయుండ్రి. సర్పంచ్ అయ్యేదాక "మా తండాల మా రాజ్యం" అనుడు, అయినంక మన పిల్ల భాష మర్చిపోవుడు నడవదు.

ఇంక మనం చెయ్యాల్సింది. సర్కారు ఇచ్చేదాక ఆగితే ముసలోళ్లు ఆగరు. మీ ఫోన్ తియ్యుండ్రి. మీ అవ్వ జోలపాట, మీ తాత చెప్పే నక్క కథ, పిల్లలు ఆడే ఆట పాట రికార్డు చెయ్యుండ్రి. ఊరికి పదైనా చాలు. ఆ రికార్డులు సెంటర్‌ల పెట్టుండ్రి. ఆదివారం నాడు పిల్లలను చెట్టు కింద కూసోబెట్టి చింతగింజలతోటి లెక్క చెప్పుండ్రి. అన్నిటికంటె ముందు, ఇంట్ల చిన్నపిల్లతోటి మన భాషల మాట్లాడుండ్రి. డిగ్రీ చదివిన మేనమామ కోయల మాట్లాడితే, కోయ మాట్లాడుడు సిగ్గు కాదని ఆ పిల్లకు తెలుస్తది.

మా అక్కతోటి నిన్న రాత్రి మాట్లాడిన. వచ్చే జూన్ దాక ఆగుత అన్నది. "అప్పటిదాక ఆ సెంటర్‌ల నా బిడ్డ నోరు తెరిస్తే ఉంచుత, లేకుంటే బస్సు ఎక్కిస్త, నువ్వు నన్ను ఆపొద్దు" అన్నది. న్యాయమైన మాటనే అన్నది. నేను సరే అన్న.

సోమవారం నుంచి మా యాయ రోజూ ఒక గంట సెంటర్‌ల కూసుంటది, టీచరమ్మ ఒప్పుకున్నది. ఆమె కూడ ఒక నోట్‌బుక్ పెట్టుకున్నది. మొదటి పేజీల తెలుగు అక్షరాలతోటి ఒక మాట రాసుకున్నది: ఏరు అంటే నీళ్లు.

మా గూడెం పని మొదలైంది. మీ గూడెంల, మీ తండాల ఎప్పుడు?

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్, దాంతోటి మన జబాన్ కూడ.